తాళం, చెవి

మోంటెవిడియోలో చలి నది మీంచి వస్తుంది.
బడి రెండో అంతస్తులో, కిటికీ సందుకి
పాత పత్రికలు కుక్కి కూర్చుంటుంది ఎర్మిందా టీచరు.
చూపు లేదు. పియానో ఉంది.
పిల్లలు పద్నాలుగు మంది, వాళ్లకీ చూపు లేదు.
మూలన ఒక ముద్రణ యంత్రం.
దళసరి కాగితం మీద ఆరేసి చుక్కలు పొడిచి
పాటని వేళ్లకి అందించేది.
నేను దాని మెకానిక్కుని, ఏల్బియోని.

యంత్రానికి ఏ జబ్బూ లేదు.
నొటేషన్ని చుక్కలుగా మార్చే ప్రోగ్రాము,
అది చచ్చిపోయిందని ఉట్రెక్ట్ నుంచి కబురు.
దాన్ని చేసిన కంపెనీని ఇంకో కంపెనీ కొంది,
ఆ కంపెనీని మరొకటి మింగింది.
కొత్త కంప్యూటరు మీద ప్రోగ్రాము లేవదు.
పాత కంప్యూటరు నా చేతుల్లోనే రెండుసార్లు
ఊపిరి వదిలి మళ్లీ తీసుకుంది.

మొదటి ఉత్తరం మర్యాదగానే రాశాను:
అమ్మడం మానేశారు కదా, లోపలి రాత మాకిచ్చేయండి,
మేమే బాగు చేసుకుంటాం.
జవాబు: దానికి సేవలు నిలిపివేశాం.
రెండోది కాస్త గట్టిగా.
జవాబు: అది మా మేధోసంపత్తి.
మూడోదానికి మొదటి జవాబే వచ్చింది,
తారీఖు మార్చి.

అమ్మ పెట్టా పెట్టదు,
అడుక్కు తినా తిననివ్వదు.

పదకొండేళ్ల బ్రౌలియో మోకాలి మీద
మిలోంగా కొట్టుకుంటూ అడిగాడు, ఏమన్నారని.
ఏం చెప్పను?
నువ్వు వేసేదీ తాళమే, వాళ్లు వేసిందీ తాళమే.
వాళ్ల దగ్గర దాని చెవి ఉంది,
వినే చెవి లేదు.

నాలుగో ఉత్తరం ఎర్మిందా చెప్పింది.
"స్పానిష్ వద్దు, ఇంగ్లీషు వద్దు. యంత్రం మీద కొట్టు."
ఏడు పేజీలు.
సిరా ఒక్క చుక్క లేదు, అన్నీ చుక్కలే.
కవరు మీద చిరునామా మాత్రం నా చేతిరాత.

పదిహేడో రోజున ఫోను.
త్యిత్స్కె అట, లీగల్ విభాగం, గొంతులో జలుబు.
"మీ కవర్లో తెల్లకాగితాలు వచ్చాయి.
తడిమితే గరుగ్గా ఉన్నాయి. ఏముంది వాటిలో?"
ఎర్మిందా ఫోను లాక్కుంది.
"అన్నీ ఉన్నాయమ్మా, మీ బల్ల మీదే.
చదవలేకపోతున్నారు, అంతేగా?
మీరు మాకు అమ్మిందీ అలాంటిదే."

చాలాసేపు అవతల ఏమీ లేదు.
ఎక్కడో ట్రాము గంట.
తర్వాత ఆ అమ్మాయి, నెమ్మదిగా:
"తెలిసినవాళ్ల చేత చదివించుకోవచ్చా?"
"మేమూ అదే అడుగుతున్నాం," అంది ఎర్మిందా.

అంతటితో తలుపులు తెరుచుకున్నాయనుకుంటే పొరపాటు.
మరో ఎనిమిది నెలలు.
ఆ ఫైలు ఎక్కడుందో వాళ్లకే తెలీదు.
అందులో ఒక భాగం ఎవరి దగ్గరో అద్దెకి తెచ్చిందట,
అది మాత్రం ఇవ్వడం కుదరదట.
త్యిత్స్కె పాత జీతాల పట్టీ పట్టుకుని
సీత్సె అనే ముసలాయన్ని వెతికింది.
తేనెటీగలు పెంచుకుంటున్నాడు.
డిస్కు అటక మీద, మైనం పలకల కింద.

ఫిబ్రవరి ఎండలో వచ్చింది మా చేతికి,
అందరికీ, ఎవరికైనా, అని రాసిన లైసెన్సుతో.
అద్దె భాగం ఉన్నచోట పన్ను ఊడిన సందు.
కోడు నాకు అంతంతమాత్రం.
రాత్రంతా గుడ్డివాడిలా తడుముకున్నానని
అనబోయి నాలుక కరుచుకున్నాను.
వాళ్లు నాకంటే బాగా తడుముతారు.
నాలుగువేల వరసలు దాటాక, డచ్చిలో ఒక మాట.
నిఘంటువు పెట్టుకుని కూడబలుక్కున్నాను:
"దీన్ని ముట్టుకోకండి.
ఎందుకు పనిచేస్తోందో నాకే తెలీదు.
మా చెల్లి వేళ్లతో చూసి సరిగ్గా ఉందంది."

ఎర్మిందాకి చదివి వినిపించాను.
"ఆ చెల్లి పేరుందా?"
లేదు.
"వెతుకు."

సందు ఇంకా పూర్తిగా పూడలేదు.
మూడు స్వరాలు ఒక్కసారి పలికేచోట
యంత్రం ఒక చుక్క ఎక్కువ పొడుస్తుంది.
బ్రౌలియో వేలు అక్కడ ఆగుతుంది.
తప్పని వాడికి తెలుసు.
గోటితో నొక్కి దాన్ని చదును చేసి
ముందుకి వాయిస్తాడు.